ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ కావాలనుకునే కుర్రాడు ఏ దారి పట్టాలి: పెద్ద క్లబ్బా, చిన్న క్లబ్బా, ఉద్యోగమా, విదేశమా?

పోయిన సీజన్ అయిపోయాక ఒక సాయంత్రం సికింద్రాబాద్‌లో మా గ్రౌండ్‌కి ఒక తండ్రి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మూడు కాగితాలు. ఆయన కొడుకు తొమ్మిదేళ్లు నా దగ్గర ఆడాడు. గోల్స్ కొట్టడమే పనిగా ఉన్న అచ్చమైన స్ట్రైకర్, అప్పుడే పద్దెనిమిది నిండాయి. "సార్, మూడు దిక్కుల నుంచి పిలుస్తున్నరు. ఏది ఒప్పుకోవాల్నో మీరే చెప్పాలె" అన్నాడు. ఒకటి పెద్ద క్లబ్బు రిజర్వ్ జట్టు, అంటే రెండో వరస. రెండోది పెద్దగా ఎవరికీ తెలియని క్లబ్బు, కానీ మొదటి జట్టు. మూడోది స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి సెలెక్షన్ కబురు. డబ్బు చూస్తే మొదటిది, భద్రత చూస్తే మూడోది. తల్లి మనసు ఉద్యోగం మీదే ఉంది. కుర్రాడు పెద్ద క్లబ్బు జెర్సీ మీద కన్నేశాడు. రెండో కాగితాన్ని ఇంట్లో ఎవరూ సరిగా చదవను కూడా లేదు.

నేను కుర్రాణ్ని ఒక్కటే అడిగాను. "వీళ్లలో నిన్ను తొమ్మిదో నంబర్‌గా వారం వారం ఎన్ని నిమిషాలు ఆడిస్తామని ఎవరన్నారు?" వాడు తండ్రి వైపు చూశాడు. మూడు కాగితాల్లోనూ ఆ ముక్క లేదు. తొమ్మిదో నంబర్ అంటే అందరికంటే ముందు, గోల్ ఎదుట మధ్యలో ఆడే స్ట్రైకర్.

ఇలాంటి ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను. నా పోలిక అంతా ఆ నిమిషాల లెక్క మీదే నడుస్తుంది. జీతం, పేరు, జెర్సీ దాని తర్వాతే చూడాలి.

స్ట్రైకర్ లెక్క వేరు

ట్రయల్స్ ఎలా జరుగుతాయో ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఎండలో నలభై, యాభై మంది పిల్లలు. ఛాతీకి నంబర్ చీటీ. ఒక్కో బ్యాచ్‌కి ఇరవై నిమిషాల ఆట. ఒకరి పేరు ఒకరికి తెలియదు కాబట్టి ఎవడికి వాడు బంతి పట్టుకుని డ్రిబ్లింగ్ చేయాలని చూస్తాడు, పాస్ ఇవ్వడు. మిడ్‌ఫీల్డర్ కాలికి ఇరవై సార్లు బంతి తగులుతుంది. డిఫెండర్ నాలుగు ట్యాకిల్స్ చేసి కనపడతాడు. స్ట్రైకర్‌కి మూడో నాలుగో టచ్‌లు వస్తాయి. పక్క నుంచి గోల్ ముందుకి ఒక్క మంచి క్రాస్ రాకపోతే వాడి రోజు అయిపోయినట్టే.

వాడు చేసే అసలు పని బంతి లేనప్పుడు జరుగుతుంది. డిఫెండర్ కంటి చూపు బంతి మీదకు వెళ్లిన ఆ అర సెకనులో వాడి వీపు వెనక్కి జారడం, మొదటి పోస్ట్ వైపు రెండడుగులు వేసి ఆగి రెండో పోస్ట్‌కి మళ్లడం, గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారితే అది ఎటు పడుతుందో ముందే అక్కడ ఉండడం. ఇవన్నీ చెబితే రావు. వందల మ్యాచ్‌ల్లో తప్పు చేసి, తిట్లు తిని, మళ్లీ అక్కడికే వెళితే వస్తాయి. ప్రాక్టీస్‌లో ఎన్ని గోల్స్ కొట్టినా, పాయింట్ల కోసం ఆడే మ్యాచ్‌లో 85వ నిమిషంలో ఒంట్లో శక్తి అయిపోయాక వచ్చే అవకాశం వేరు. అందుకే మిగతా స్థానాల కంటే స్ట్రైకర్‌కి మ్యాచ్ నిమిషాలు ఎక్కువ అవసరం. మన దేశంలో మాత్రం ఆ నిమిషాలు అందరికంటే తక్కువ దొరికేది కూడా వాడికే.

పెద్ద క్లబ్బు బెంచీ, చిన్న క్లబ్బు మొదటి జట్టు

కారణం తెలిసిందే. డబ్బున్న క్లబ్బు ముందుగా విదేశీ స్ట్రైకర్‌ని తెచ్చుకుంటుంది. దేశంలో పెద్ద లీగ్ అయిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో 2021-22 నుంచి మైదానంలో విదేశీయుల సంఖ్యను ఐదు నుంచి నాలుగుకి తగ్గించారు. ఆ నలుగురిలో ఒకడు తొమ్మిదో నంబర్ కావడం మాత్రం తప్పలేదు. అదే ఏడాది మన హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించినప్పుడు మేమంతా ఎంత గెంతామో! ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నది నైజీరియా ఆటగాడు బార్తొలోమ్యూ ఒగ్బెచె. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. పదిహేడేళ్లకే 2002 ప్రపంచకప్ ఆడినవాడు. అలాంటివాడు ముందున్నప్పుడు మన ఇరవై ఏళ్ల కుర్రాణ్ని ఏ కోచ్ దింపుతాడు? కోచ్‌ది తప్పు కాదు. ఆయన ఉద్యోగం కూడా గోల్స్ మీదే ఆధారపడి ఉంటుంది. దాని కింది స్థాయి ఐ-లీగ్‌లోనూ అంతే. మన శ్రీనిది డెక్కన్ 2022-23, 2023-24ల్లో వరుసగా రెండో స్థానంలో నిలిచినప్పుడు గోల్స్ భారం మోసింది కొలంబియా నుంచి వచ్చిన డేవిడ్ కాస్టనెడా.

అయితే మన స్ట్రైకర్‌ని ఏం చేస్తారు? వింగ్‌కి, అంటే మైదానం అంచుకి పంపుతారు. మన్వీర్ సింగ్ స్ట్రైకర్‌గా వచ్చి, కోల్‌కతా వెళ్లాక కుడి వింగ్‌లో స్థిరపడ్డాడు. అక్కడ బాగా ఆడాడు, ట్రోఫీలు గెలిచాడు, నేను కాదనను. బెంగళూరులో వెనెజ్వెలా స్ట్రైకర్ మికు ఉన్నప్పుడు సునీల్ ఛెత్రీ అంతటివాడే ఎడమ వైపు ఆడాడు. అయినా 2017-18 ఐఎస్ఎల్ సీజన్‌లో 14 గోల్స్ కొట్టాడు. కానీ అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్లు, తొమ్మిదో నంబర్ విద్య అంతా కాళ్లలో ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని వింగ్‌కి పంపితే వాడికి ఆ విద్య అసలు పట్టుబడదు. లైన్ వెంబడి పరిగెత్తడం, క్రాస్ వేయడం నేర్చుకుంటాడు. గోల్ ముందున్న బాక్స్ మధ్యలో నిలబడడం మరిచిపోతాడు. నాలుగేళ్ల తర్వాత జాతీయ జట్టుకి స్ట్రైకర్లు లేరని మనమే టీవీ ముందు కూర్చుని బాధపడతాం.

ఛెత్రీ దారి మొదటి నుంచి చూడండి. ఆయన పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1984 ఆగస్టు 3న. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. 2002లో కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్‌లో చేరాడు. దేశంలో అంతకంటే పెద్ద పేరు ఏముంది? కానీ 2005లో పంజాబ్‌లోని ఫగ్వారాకు, జేసీటీ మిల్లు జట్టుకి వెళ్లాడు. కోల్‌కతా లాంటి జనం, గోల అక్కడ లేవు. మూడేళ్లు అక్కడ ఆడాడు. నా దృష్టిలో ఛెత్రీని ఛెత్రీగా చేసింది ఆ మూడేళ్లే. 2005లోనే పాకిస్తాన్ మీద క్వెట్టాలో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. 2024 జూన్‌లో కువైట్ మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పే సమయానికి దేశం తరఫున 94 గోల్స్. 2025 మార్చిలో మళ్లీ వచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వది కొట్టాడు.

ఈమధ్య కాలంలో మరో ఉదాహరణ డేవిడ్ లాల్‌లాన్‌సాంగా. మిజోరం కుర్రాడు. 2023లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్‌లో విదేశీయులు లేకుండా ఆడించారు. ఆ లీగ్‌లో మొహమ్మదన్ స్పోర్టింగ్ తరఫున డేవిడ్ 21 గోల్స్ కొట్టాడు. అదే ఏడాది డ్యూరాండ్ కప్‌లోనూ 6 గోల్స్‌తో గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. విదేశీ స్ట్రైకర్ అడ్డం లేని చోట బాక్స్ మధ్యలో నిలబెట్టారు, గోల్స్ వచ్చాయి. తర్వాత ఈస్ట్ బెంగాల్ వచ్చి తీసుకుపోయింది. పెద్ద క్లబ్బు గడప ఎక్కడానికి ఇదే మంచి వరస. ముందు గోల్స్ కొట్టి, ఆ తర్వాత వెళ్లాలి.

కాబట్టి 17 నుంచి 21 ఏళ్ల మధ్య అయితే నా ఓటు చిన్న క్లబ్బు మొదటి జట్టుకే. పెద్ద క్లబ్బుకి వెళ్లక తప్పని పరిస్థితి వస్తే సంతకానికి ముందే లోన్ గురించి మాట్లాడండి. మొదటి జట్టులో చోటు లేని సీజన్‌లో వేరే క్లబ్బుకి లోన్ మీద, అంటే కొన్నాళ్లు ఆడి తిరిగొచ్చేలా, పంపుతామని రాయించుకోండి. లోన్ అంటే తక్కువతనం అనుకోకండి. ఛెత్రీ 2013లో చర్చిల్ బ్రదర్స్‌కి లోన్ మీద వచ్చాడు, ఆ సీజన్ ఐ-లీగ్ వాళ్లే గెలిచారు.

ఉద్యోగం ఉన్న జట్టు

ఈ మాట మన ఇళ్లలో తల్లులు ఎత్తుతారు. వాళ్లని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. మన నేల మీద ఫుట్‌బాల్ బతికిందే ఉద్యోగాల నీడలో. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. వాళ్లంతా ఉద్యోగులే. పి.కె. బెనర్జీ తన ఆట జీవితంలో ఎక్కువ భాగం ఈస్టర్న్ రైల్వేలోనే గడిపాడు. ఈస్ట్ బెంగాల్‌కి గానీ మోహన్ బగాన్‌కి గానీ ఆడలేదు. అయినా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకి కెప్టెన్ ఆయనే, ఫ్రాన్స్ మీద గోల్ కొట్టిందీ ఆయనే. 1958లో కలకత్తా లీగ్‌ని రైల్వే జట్టుకి తెచ్చిపెట్టాడు.

అదే రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు తులసీదాస్ బలరాం. మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. ఈస్ట్ బెంగాల్‌లో కెప్టెన్‌గా చేశాడు, 1962 ఆసియా క్రీడల బంగారు పతకం జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాదే ప్లూరసీ వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిని, ఇరవై ఏడేళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది. ఒక స్ట్రైకర్‌కి ఆ వయసు అంటే అప్పుడే పంట చేతికొస్తున్న కాలం. బలరాంని ఆ తర్వాత నిలబెట్టింది రైల్వే ఉద్యోగమే. 2023 ఫిబ్రవరిలో పోయేదాకా బెంగాల్‌లోనే ఉన్నాడు. గాయం, జబ్బు చెప్పి రావు. జేజే లాల్‌పెఖ్లువా చెన్నైయిన్‌తో రెండుసార్లు ఐఎస్ఎల్ గెలిచాడు, దేశానికి 23 గోల్స్ కొట్టాడు. మోకాలు దెబ్బతిన్నాక ఆ పాత జేజే మళ్లీ కనపడలేదు. ఆయన అదృష్టం, మిజోరంలో ఎమ్మెల్యే అయ్యాడు. అందరికీ అలా కుదరదు.

దీనికి ఎదురుగా నిలబెట్టాల్సిన మనిషి మహమ్మద్ హబీబ్. హైదరాబాద్ నుంచి 1966లో కోల్‌కతా వెళ్లి, 1984 దాకా అక్కడే ఆడాడు. ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, ఆటనే వృత్తిగా పెట్టుకున్న మొదటి భారతీయ ఫుట్‌బాలర్ అని కోల్‌కతాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసినప్పుడు ఒక గోల్ హబీబ్‌ది. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశాడు. హబీబ్ పేరు చెబితే మా తరానికి ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ హబీబ్‌ని చూపించి నా దగ్గరి పిల్లలకి "ఉద్యోగం వద్దనండి" అని మాత్రం చెప్పలేను.

ఎందుకంటే 2025 జులైలో ఏం జరిగిందో అందరం చూశాం. ఐఎస్ఎల్ నడిపే సంస్థకీ దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కీ ఒప్పందం కొలిక్కి రాక సీజన్‌ని పక్కన పెట్టారు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే కప్పు గెలిచిన నాలుగేళ్లలోపే చేతులు మారి ఢిల్లీ వెళ్లిపోయింది. క్లబ్బు ఎంత పెద్దదైనా, నెల జీతం విషయంలో రైల్వేతోనో పోలీసు శాఖతోనో పోటీ పడలేదు.

ఉద్యోగం దారిలో పైకి రావాలంటే రాష్ట్ర జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ముఖ్యం. 2024 డిసెంబరు 31న ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. బెంగాల్, కేరళ. ఆట అయిపోయి అదనపు నిమిషాలు నడుస్తున్నాయి. బాక్స్‌లో అందిన బంతిని రబీ హాంస్‌దా లోపలికి కొట్టేశాడు. ఆ టోర్నీలో అతనికి అది పన్నెండో గోల్. ఆ గెలుపు తర్వాత బెంగాల్ ప్రభుత్వం ఆటగాళ్లకు ఉద్యోగాలు ప్రకటించింది. ఒక స్ట్రైకర్‌కి ఒకే టోర్నీలో గోల్స్, పేరు, కొలువు మూడూ దొరికాయి.

ఉద్యోగ జట్టు ఎంచుకుంటే ఈ రెండూ కనుక్కోండి. రోజూ ప్రాక్టీస్‌కి డ్యూటీ నుంచి వదులుతారా? ఏడాదికి ఎన్ని టోర్నీలు ఆడతారు? కొన్ని జట్లు ఏడాదంతా కలిపి రెండు మూడు టోర్నీలతో సరిపెడతాయి. అక్కడ జీతం వస్తుంది గానీ స్ట్రైకర్ కాళ్లకి తుప్పు పడుతుంది. ఇంట్లో అప్పులున్నా, చెల్లెలి చదువో నాన్న ఆరోగ్యమో వాడి మీదే ఆధారపడి ఉన్నా ఆలోచించకుండా ఉద్యోగమే తీసుకోండి. ఉద్యోగ జట్లలోనూ సైన్యం వాళ్ల సర్వీసెస్ జట్టు లాంటివి గట్టిగా ఆడతాయి, 2023-24 సంతోష్ ట్రోఫీ వాళ్లదే.

విదేశం

"స్పెయిన్ పంపిద్దామనుకుంటున్నం సార్" అనే మాట ఈ మధ్య చాలా వింటున్నాను. లక్షలు కట్టించుకునే అకాడమీల బ్రోషర్లు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఒక నియమం తెలుసుకోండి. ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి మరో దేశం క్లబ్బుకి మార్చడం కుదరదు. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో అక్కడ స్థిరపడడం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. కాబట్టి మీ పదిహేనేళ్ల బాబుని "క్లబ్బులో ఆడిస్తాం" అని ఎవరైనా అంటే, ఏ లీగ్‌లో, ఏ రిజిస్ట్రేషన్‌తో అని కాగితం మీద అడగండి. మాకు తెలిసిన ఒక కుటుంబం స్థలం అమ్మి డబ్బు కట్టింది. పిల్లాడు ఏడాది పాటు తనలాగే డబ్బు కట్టి వచ్చిన పిల్లలతో ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడి తిరిగొచ్చాడు. ఆ తండ్రి ముఖం నేను మరిచిపోలేను.

పెద్దవాళ్ల కథలు కూడా చూడండి. భైచుంగ్ భూటియా 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో సాల్ట్ లేక్‌లో లక్ష ముప్పై వేల మంది ముందు మోహన్ బగాన్ మీద హ్యాట్రిక్ కొట్టినవాడు. 1999లో ఇంగ్లండ్‌లోని బరీ క్లబ్బుకి వెళ్లాడు. మూడేళ్లలో 37 లీగ్ మ్యాచ్‌లు, 3 గోల్స్. మధ్యలో గాయాలు, చివరికి క్లబ్బే డబ్బు ఇబ్బందుల్లో పడింది. ఛెత్రీకి 2009లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ అవకాశం వస్తే, ఫిఫా ర్యాంకింగ్‌లో మన దేశం మొదటి 70లో లేదని వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. 2010లో అమెరికాలో కాన్సాస్ సిటీకి వెళ్లాడు, అధికారిక మ్యాచ్ ఒక్కటే దొరికింది. 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ రెండో జట్టుకి వెళ్లినా ఆట అంతంతమాత్రం. ఇంటికొచ్చాకే మళ్లీ గోల్స్. ఇషాన్ పండిత చిన్నప్పుడే స్పెయిన్ వెళ్లి, కింది స్థాయి జట్లలో ఆడి, 2020లో గోవా క్లబ్బుకి వచ్చాడు. చివరి పది నిమిషాలకు దింపితే గోల్ కొట్టేసేవాడు. బాక్స్‌లో నిలబడే తెలివి స్పెయిన్‌లో బాగా నేర్చుకున్నాడని అతని ఆట చూస్తే తెలుస్తుంది. ఇక్కడికొచ్చాక మాత్రం విదేశీ స్ట్రైకర్ వెనకే కూర్చోవాల్సి వచ్చింది.

విదేశం వద్దనను. ఇక్కడ రెండు సీజన్లు మొదటి జట్టులో ఆడి, క్లబ్బే టికెట్టు పంపి పిలిస్తే వెళ్లండి. మీరు డబ్బు కట్టి వెళ్లేదైతే ఆగండి.

ఆడపిల్లల సంగతి ఇక్కడ కొంచెం వేరు. మన దగ్గర మహిళల లీగ్ చిన్నది, మ్యాచ్‌లు తక్కువ. బయట అవకాశం వస్తే పట్టుకోవడమే మేలు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కి ఆడింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచి, 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫెడరేషన్ అవార్డు అందుకుంది. మా గ్రౌండ్‌లో ఆడపిల్లలు ఇప్పుడు ఆమె పేరే చెబుతారు.

ఇంకా చిన్నవాళ్లైతే

పదమూడు, పద్నాలుగేళ్లకి పెద్ద నిర్ణయాలు అక్కర్లేదు. చదువు ఆగని చోటు చూసుకోండి. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ అకాడమీ ఉంది, జంషెడ్‌పూర్‌లో 1987 నుంచి టాటా అకాడమీ ఉంది. ఒక్కరోజు ట్రయల్స్‌తో తేల్చేసే చోటు కంటే, వారం రోజులు ఉంచుకుని మ్యాచ్‌ల్లో చూసే చోటు స్ట్రైకర్‌కి మంచిది. కారణం పైన చెప్పాను. పుట్టిన తేదీ మాత్రం ఎక్కడా మార్చకండి. వయసు దొంగతనం బయటపడితే ఆట మొత్తం పోతుంది.

కాగితం మీద సంతకం పెట్టేముందు

పద్దెనిమిది లోపు ఆటగాడితో మూడేళ్లకి మించి కాంట్రాక్టు రాయకూడదు. ఐదేళ్లని చూపిస్తే అక్కడే ఆగండి. గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఆ నెలల జీతం వస్తుందా అన్నది విడిగా రాసి ఉండాలి. జీతం నెలనెలా వస్తుందా, సీజన్ చివర వస్తుందా చూడండి. రెండు నెలల జీతం ఎగ్గొడితే, రాతపూర్వకంగా పదిహేను రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఫిఫా నిబంధనల్లో ఆటగాడికి ఉంది. ఈ సంగతి తెలియక సీజన్ అంతా ఎదురుచూసిన పిల్లలు నాకు తెలుసు. ఏజెంట్ ఎంత దగ్గరివాడైనా కాంట్రాక్టు కాపీ మీ ఇంట్లో ఉండాలి.

కోచ్‌తో నేరుగా మాట్లాడించమని కూడా అడగండి. మేనేజర్ కాదు, కోచ్. "మా వాణ్ని ఎక్కడ ఆడిస్తారు?" అంటే "ఎక్కడ అవసరమైతే అక్కడ" అనే జవాబు వస్తే, అది వింగ్ అని అర్థం.

ఆ కుర్రాడు మూడు రోజులు ఆలోచించాడు. తల్లి ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. రెండేళ్లు చూసి, కుదరకపోతే కోటా ఉద్యోగాలకు మళ్లీ రాయాలని మాట తీసుకుంది. అది న్యాయమైన మాటే. వాడు చిన్న క్లబ్బు కాగితం మీదే సంతకం పెట్టాడు.

మొన్న ఆదివారం రాత్రి తండ్రి ఫోన్ చేశాడు. "సార్, ఇయ్యాల డెబ్బై ఎనిమిది నిమిషాలు ఆడిండు. గోల్ కాలే. ఒకటి బార్‌కి తాకింది."

"ఏ పక్కన ఆడాడు?" అని అడిగాను.

"మధ్యలనే సార్. అందరికంటే ముంగట."